ఎవరి మణికట్టు

మార్చి 4

పిచ్చుకా,

పార్సిల్ చూసి కంగారుపడకు. అందులో ఉన్నది మీ అన్నయ్య గడియారం. పాప పెద్దయ్యాక దానికిద్దామని దాచాను కానీ, ఇక నావల్ల కావడం లేదు. నీ దగ్గరే ఉంచు.

ఫోనులో చెప్పలేను. నీ గొంతు వినగానే ఇద్దరం ఏడ్చి ఫోను పెట్టేస్తాం. కాగితం మీదైతే కాస్త నిదానంగా చెప్పగలను.

దాన్ని ముందు గదిలో అద్దం పక్క అలమారలో పెట్టాను. ముళ్ళు ఎప్పుడో ఆగిపోయాయి. డయలు మీద అద్దానికి లోపలివైపు మంచు పట్టినట్టు మసక. కానీ వీధి తలుపు గట్టిగా పడితే చాలు, లోపల ఏదో గరగరమని తిరుగుతుంది, ఎవరో నిద్రలో గొంతు సవరించుకున్నట్టు. మొన్న పాప అలమార ముందు నిలబడి "నాన్నా?" అని పిలిచింది. వంటింట్లో నా చేతిలో గిన్నె జారిపోయింది.

నీకు తెలుసుగా, లాంచీ మునిగాక ఆసుపత్రిలో నాకు చూపించింది చెయ్యి ఒక్కటే. "ముఖం వద్దమ్మా, ఇన్నాళ్ళు నదిలో ఉంది. ఇది చూసి చెప్పండి చాలు" అని రేవు ఆఫీసరు దుప్పటి మణికట్టు దాకానే తీశాడు. నల్ల డయలు, చుట్టూ తిరిగే అంకెల పట్టీ. మామయ్యగారు రేవులో పని మానేసిన రోజున ఓడ కంపెనీవాళ్ళు ఇచ్చిన గడియారం. చూడగానే "ఆయనే" అన్నాను. వాళ్ళు లేవమనేదాకా ఆ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడది గరగరలాడినప్పుడల్లా ఆ గది వాసన ముక్కుకి తగులుతోంది.

నువ్వు గడియారాల మనిషివి, నీకు భయం ఉండదు.

పాప ముద్దులు పంపింది. నా దగ్గర అవి కూడా లేవు.

మీ వదిన


మార్చి 12

వదినా,

పార్సిల్ భద్రంగా చేరింది. షాపులో విప్పలేకపోయాను, ఇంటికి తెచ్చుకుని విప్పాను.

ముందు నీ భయం తీరుస్తాను. అది దయ్యం కాదు. ఇలాంటి గడియారాల్లో అరచంద్రంలాంటి బరువైన రేకు ఒకటి ఉంటుంది. చెయ్యి ఊగితే అది తిరిగి, కీ దానంతటదే ఎక్కుతుంది. మిగతా మిషను చచ్చిపోయినా ఆ రేకు మాత్రం తిరుగుతూనే ఉండొచ్చు. తలుపు అదిరినప్పుడు నువ్వు విన్నది అదే. పాపకి కూడా చెప్పు. వద్దులే, చెప్పకు, చిన్నపిల్ల.

ఇక్కడ నా పని మామూలే. అద్దాల బల్ల వెనక కూర్చోవడం, జనం తెచ్చిన ఖరీదైన గడియారాలు అసలువా నకిలీవా చెప్పడం. "మా తాతగారిదండీ" అని ముచ్చటగా గుడ్డలో చుట్టి తెస్తారు. నకిలీ అని తేలాక చెప్పడానికి నేను డాక్టరు గొంతు పెడతానని మా ఓనరు ఎగతాళి చేస్తాడు. "ఆపరేషను చేశాం గానీ అనేట్టున్నావే" అంటాడు.

ఒక్కటే నాకు అర్థం కావడం లేదు. పని మానేశాక కూడా నాన్న ఆ గడియారంతోనే సముద్రంలో మోచేతుల దాకా చేతులు ముంచేవాడు. దాని అద్దం లోపలికి చుక్క తేమ ఎప్పుడూ రాలేదు. మూత తెరిచి చూసి రాస్తాను.

నువ్వు అన్నం వేళకి తింటున్నావా? రాయి. అబద్ధమైనా రాయి.

పిచ్చుక


మార్చి 19

వదినా,

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఈ గడియారం నీ చేతికి వచ్చాక మధ్యలో ఇంకెవరి దగ్గరికైనా వెళ్ళిందా? రిపేరుకనో, చూడటానికనో?

ఎందుకంటే, ఇది నాన్న గడియారం కాదు.

చేతిలోకి తీసుకోగానే బరువు తక్కువనిపించింది. నదిలో నానింది, నా మనసు బాగాలేదు, అందుకేలే అనుకున్నాను. భూతద్దం పెట్టాను. అసలుదానికి డయలు మీద అక్షరాల అంచులు కోసినట్టుంటాయి. దీనివి తడి కాగితం మీద సిరా పడ్డట్టు పాకాయి. గడియారం డొప్ప మీద నంబరు అసలుదానికి లోతుగా, నున్నగా చెక్కి ఉంటుంది. ఇక్కడ చుక్కలు చుక్కలుగా పొడిచి ఉంది, అదీ నాన్నదాని నంబరు కాదు. మూత తీశాను. లోపల మిషను పైకి మెరుగు పెట్టిన చవకరకం. తేమ ఆపే రబ్బరు రింగు సరిగ్గా కూర్చోనేలేదు, అందుకే అంత తుప్పు.

ఇంకొకటుంది. గడియారం బాగుచేసినవాళ్ళు మూత లోపలివైపు సూదితో చిన్న గుర్తు గీస్తారు. నేను పని నేర్చుకున్నాక మొట్టమొదట విప్పింది నాన్న గడియారమే. పిచ్చుక కాలి ముద్రలా మూడు గీతలు గీశాను. అన్నయ్య చూసి పడీపడీ నవ్వాడు. ఇందులో ఆ గీతలు లేవు.

నమ్మలేక ఓనరు ముందు పెట్టాను, ఎవరిదో చెప్పలేదు. "ఇది నకిలీ అని చెప్పడానికి నన్ను పిలవాలా?" అని కాఫీ తాగడానికి వెళ్ళిపోయాడు.

చైను బిగింపులో ఎర్రదారం పోగు ఒకటి ఇరుక్కుని ఉంది. అదీ నాకు అర్థం కాలేదు.

వెంటనే రాయి.

పిచ్చుక


మార్చి 27

మరదలు గారికి,

మీ ఉత్తరం అందింది. మధ్యలో ఎవరి దగ్గరికైనా వెళ్ళిందా అని అడిగారు. అంటే మామయ్యగారి గడియారం నేను అమ్ముకుని, సంతలో దొరికేదొకటి కొని మీకు పంపాననా? అడిగేది తిన్నగా అడగండి. ఆ గడియారం మీకు దక్కలేదని మీకు మొదటినుంచీ బాధే. మీ అన్నయ్య నాతో చెప్పారు.

కాగితం కవరులో పెట్టి ఆఫీసువాళ్ళు ఎలా ఇచ్చారో అలా అలమారలో పెట్టాను. తుడవను కూడా లేదు.

ఆయన ఉంటే మీరు ఈ మాట అడిగేవారా?


ఏప్రిల్ 3

వదినా,

నన్ను "మీరు" అనకు, చచ్చిపోతాను.

నువ్వు మార్చావని కలలో కూడా అనుకోలేదు. తప్పు నాదే. నేను అడగాల్సిన మాట నోట రాక, దాని పక్క మాట అడిగాను. చెప్పకుండా ఊరుకుందామనీ అనుకున్నాను. గడియారం అందింది, బాగుంది అని రాసేస్తే అన్నయ్య సమాధి నీకు మిగిలేది. రెండుసార్లు అలాగే రాసి చింపేశాను.

కూర్చుని చదువు. పాపని పక్కింటికి పంపు.

ఆఫీసువాళ్ళు మార్చలేదు, నువ్వు మార్చలేదు అంటే, ఆ గదిలో నువ్వు చూసినప్పుడే ఆ చేతికి ఉన్నది ఈ నకిలీ గడియారమే. అన్నయ్య నాన్న గడియారం తప్ప ఇంకోటి పెట్టుకోడు. మరి ఆ చెయ్యి అన్నయ్యదేనా?

నాకు తెలియదు వదినా. గడియారం సంగతి మాత్రమే నేను చెప్పగలను.

నీ పిచ్చుక, ఎప్పటికీ


ఏప్రిల్ 15

పిచ్చుకా,

కోపంలో ఏదో రాశాను. మనసులో పెట్టుకోకు. ఆయన అలా ఎప్పుడూ అనలేదు, నేనే కల్పించాను.

నీ ఉత్తరం చదివి చాలాసేపు నా చేతుల వైపే చూస్తూ కూర్చున్నాను. నేను ఎవరి చెయ్యి పట్టుకుని ఏడ్చాను? ఆ వేళ్ళ మధ్య నా వేళ్ళు పెట్టాను పిచ్చుకా. చల్లగా ఉన్నాయని రుద్దాను కూడా. ప్రతి ఆదివారం సమాధి దగ్గర కూర్చుని ఇంటి కబుర్లన్నీ చెప్పాను. పాపకి పన్ను ఊడిందని, గీజరు పాడైందని. వింటున్నది ఎవరు?

రేవు ఆఫీసుకి వెళ్ళాను. గుమస్తా "ముగిసిపోయిన విషయం ఎందుకమ్మా తవ్వుతారు" అన్నాడు. తవ్వడం అన్న మాటకి నేను లేచి నిలబడ్డాను. అతను గతుక్కుమని మంచినీళ్ళు తెచ్చాడు. ఆ రోజు లాంచీలో ఉన్నవాళ్ళలో దొరకనిది ఒక్క మనిషేనట. ఎలక్ట్రీషియన్, పెళ్ళికాని కుర్రాడు. తల్లి దర్జీపని చేస్తుంది, మార్కెట్ వెనక సందులో మిషను వేసుకుని. ఇప్పటికీ రేవుకొచ్చి "మావాడు దొరికాడా?" అని అడిగి వెళ్తుందట.

ఆ సందు దాకా వెళ్ళాను. మిషను చప్పుడు వినబడింది. మెట్టెక్కలేక తిరిగొచ్చేశాను. ఆవిడ కొడుకు కోసం ఎదురుచూస్తుంటే, అతని తలాపున మా ఆయన పేరు చెక్కించి నేను పూలు పెడుతున్నానేమో.

ఆ గడియారం వెనక్కి పంపు. దారం పోగు తీయకు.

మీ వదిన


ఏప్రిల్ 22

వదినా,

ఎలా ఉన్నది అలా పంపుతున్నాను. దారం కదపలేదు.

ఒంటరిగా వెళ్ళకు అనాలనుంది, కానీ నీతో ఎవరు వస్తారు? ఆవిడతో నువ్వు ముందేమీ చెప్పకు. గడియారం ఆవిడ చేతిలో పెట్టి ఊరుకో. మనం అడిగే మాటల్లోనే జవాబు వాళ్ళకి దొరికిపోతుంది, రోజూ మా బల్ల దగ్గర చూస్తాను.

ఇంకో పని చేశాను. అసలు గడియారం నంబరు నాకు నోటికొచ్చు. అది, మూడు గీతల గుర్తు బొమ్మ గీసి, నాకు తెలిసిన షాపులకీ రిపేరువాళ్ళకీ అందరికీ పంపాను. ఎవరి బల్ల మీదకైనా వస్తే కబురు చేయమని. దీని మీద ఆశ పెట్టుకోకు. నేనూ పెట్టుకోను.

అబద్ధం. పెట్టుకున్నాను.

పిచ్చుక


మే 6

పిచ్చుకా,

వెళ్ళాను. ఆవిడ ఏదో లంగా అంచు కుడుతోంది. నువ్వు చెప్పినట్టే ఏమీ మాట్లాడకుండా గడియారం ముందు పెట్టాను. డయలు చూడలేదు, నంబరు చూడలేదు. తిప్పి బిగింపు చూసింది.

"దారం నేనే చుట్టానమ్మా. వెంట్రుకలు పట్టి లాగుతోందని గోల పెట్టేవాడు. సంతలో కొన్నాడు. అసలుదానిలాగే ఉంది చూడమ్మా అని వారం రోజులు నన్ను చంపుకుతిన్నాడు." దారం పోగు వేలితో తడిమి, "మీకెక్కడ దొరికింది?" అంది.

చెప్పాను. ఎలా చెప్పానో నన్నడగకు. ఆవిడ ఏడవలేదు. కత్తెర పక్కన పెట్టి, "వాడి చెయ్యి పట్టుకున్నారా?" అంది. పట్టుకున్నానన్నాను. "ఎంతసేపు?" అంది. వాళ్ళు లేపేదాకా అన్నాను. అప్పుడు నా రెండు చేతులూ లాక్కుని తన చెంపలకి ఆనించుకుంది. వాటిలో ఇంకా ఏమన్నా మిగిలి ఉంటుందేమో అన్నట్టు.

మొన్న ఆఫీసువాళ్ళు సంతకాలు తీసుకున్నారు. సమాధి రాయి మారింది. ఇప్పుడు అక్కడ ఆ అబ్బాయి పేరుంది.

ఇక ఆయన గురించి. సమాధి లేదు, దొరకలేదు అంటే ఎక్కడో ఉన్నారనే కదా? దెబ్బ తగిలి ఏ ఊళ్ళోనో ఉండిపోయారేమో, పేరు చెప్పలేకపోతున్నారేమో. వీధి తలుపు గడియ పెట్టడం మానేశాను. ఆయన చొక్కాలన్నీ ఉతికి ఇస్త్రీ చేశాను. నిన్న స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు వినబడి తువ్వాలు పట్టుకుని పరిగెత్తాను. పంపు కట్టేయడం నేనే మర్చిపోయాను. పాప నన్ను చూసి భయపడుతోంది పిచ్చుకా. ఆయన పోయారనుకున్నప్పుడే నేను కాస్త మనిషిలా ఉన్నాను.

మీ వదిన


మే 20

వదినా,

గడియారం దొరికింది.

తీరం వెంబడి ఇంకో ఊళ్ళో ఒక ముసలి రిపేరాయన ఉన్నాడు. ఎవరో తెచ్చి ఇచ్చారట, అమ్మడానికి కాదు, బాగుచేయమని. మూత తీయగానే మూడు గీతలు కనబడి నాకు కబురు చేశాడు. నంబరు సరిపోయింది. ఇచ్చిన మనిషి పేరు చెప్పలేదు, వచ్చే వారం వచ్చి తీసుకుంటానన్నాడట. వయసు అన్నయ్య వయసే. కాస్త కుంటుతాడట.

నేను వెళ్తున్నాను. నువ్వు మాత్రం రావద్దు. నా మాట విను, ఇంట్లోనే ఉండు. చూసి రాస్తాను.

పిచ్చుక


మే 26

పిచ్చుకా,

ఎందుకు రావద్దు? కుంటుతాడని రాశావు. కుంటితే నేను వదిలేస్తానా? ఆయనే నన్ను రానీయవద్దన్నారా? నీకు ముందే తెలుసా? అన్నాచెల్లెళ్ళిద్దరూ మాట్లాడుకున్నాకే నాకు రాశావా?

ఆయనకి ఇంటికి రావాలని లేకపోతే ఆ మాట నాకు చెప్పు. బతికి ఉంటే చాలు, రాకపోయినా సరే. చెప్పు, అంతే.


జూన్ 4

వదినా,

అన్నయ్య కాదు.

ఈ రెండు మాటలు ముందు రాయాలని రైలంతా అనుకుంటూ వచ్చాను. నిన్ను రావద్దన్నది దాచడానికి కాదు. ఆ షాపు గుమ్మంలోకి వచ్చేది అన్నయ్య కాకపోతే, ఆ క్షణంలో నీ ముఖం నేను చూడలేను. అందుకని.

రిపేరాయన బల్ల వెనక స్టూలు మీద కూర్చున్నాను. తలుపు గంట మోగితే చాలు, లేచి నిలబడుతున్నాను. ఆఖరికి కుంటుకుంటూ ఒకతను వచ్చాడు. చేతులనిండా కాలిన మచ్చలు. బేకరీలో పొయ్యి దగ్గర పనట. గడియారం నా చేతిలో చూసి, "మీదా అండీ?" అన్నాడు. మా అన్నయ్యది అన్నాను. అతను బల్ల దాకా వచ్చి చెప్పడం మొదలుపెట్టాడు.

అతను చెప్పింది చెప్పినట్టు రాస్తాను.

లాంచీ ఒరిగినప్పుడు అతను కింది గదిలో ఉన్నాడు. బల్ల విరిగి కాలు దాని కింద ఇరుక్కుంది. నీళ్ళు మెడదాకా వచ్చాయి. పైన కిటికీలోంచి ఒకాయన చెయ్యి లోపలికి చాపాడు. గడియారం చైను కిటికీ ఇనప అంచుకి తట్టుకుంటోంది, చెయ్యి అందడం లేదు. ఆయన వెనక్కి తీసి, గడియారం విప్పి, ఇతని చేతిలో పెట్టి, "పట్టుకో, మళ్ళీ ఇద్దువు గాని" అన్నాడట. తర్వాత జబ్బ పట్టుకుని బయటికి లాగేశాడు. లోపల ఇంకా ఎవరో అరుస్తున్నారు. ఆయన వెనక్కి తిరిగి ఆ కిటికీలోంచే దిగాడు. లాంచీ పూర్తిగా పక్కకి తిరిగిపోయింది. ఆ కిటికీ మళ్ళీ పైకి రాలేదట.

ఇతను చాలా కాలం ఆసుపత్రిలో ఉన్నాడు. లేచి నడవగలిగాక రేవు ఆఫీసుకి వెళ్ళి, నల్ల డయలు గడియారం పెట్టుకున్నాయన ఎవరని అడిగాడు. "ఆయన దొరికాడు, చేతికి గడియారంతోనే దొరికాడు, భార్య గుర్తుపట్టింది" అన్నారు. చేతికి గడియారం ఉందంటే తనని లాగినాయన వేరే ఎవరో అనుకున్నాడు. దొరకని ఎలక్ట్రీషియన్ ఫొటో చూపిస్తే అతను కాదన్నాడు. ఇక ఎవరిని అడగాలి? ఒక నకిలీ గడియారం ఇతనికీ నీకూ మధ్య గోడలా నిలబడింది వదినా.

"ఆగిపోయిన గడియారం ఎలా ఇస్తాం, నడుస్తూ ఉండగా ఇవ్వాలి కదండీ" అన్నాడు. అందుకే రిపేరుకిచ్చాడు.

నేను ఇది రాస్తుంటే మా ఇంటి ముందు పిల్లలు బంతాట ఆడుతున్నారు. వాళ్ళ మీద అరవాలనుంది. కిటికీ మూసి రాస్తున్నాను.

అతను నిన్ను కలుస్తానన్నాడు. గడియారం నేను తీసుకోలేదు. ఇవ్వాల్సింది నాకు కాదన్నాడు, నిజమే.

తలుపు గడియ పెట్టుకో వదినా.

పిచ్చుక


జూన్ 21

పిచ్చుకా,

నిన్ను అనుమానించాను. ఇది రెండోసారి. మూడోసారి ఉండదు.

అతను వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో రొట్టెల పొట్లం. గుమ్మంలో నిలబడి లోపలికి రాడు. నేనే చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. చెప్పిందే మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాను. ఆయన అరిచారా, భయపడ్డారా, గొంతు ఎలా ఉంది అని. "లేదండీ. బళ్ళో పిల్లాడికి చెప్పినట్టు చెప్పారు. తొందర లేదన్నట్టు" అన్నాడు. ఆయన లెక్కల మాస్టారని అతనికి అప్పటికి తెలియదు. అప్పుడు నమ్మాను. అది ఆయన గొంతే.

పాప మా మాటలు వింటూ గోడకి ఆనుకుని నిలబడింది. "నాన్న ముందు మిమ్మల్నే ఎందుకు లాగాడు?" అంది. నేను గదమాయించబోయాను. అతను నన్ను ఆపాడు. పాప వైపు తిరిగి, "నేను దగ్గరున్నానమ్మా. అంతే" అన్నాడు. పాపకి ఆ జవాబు సరిపోయింది. నాకే ఇంకా సరిపోవడం లేదు.

గడియారం నాకు అందించాడు. నాకు చెయ్యి రాలేదు. అతను అలాగే పట్టుకుని ఉన్నాడు, గడియారం నడుస్తోంది. తీసుకున్నాను. తీసుకోకపోతే అతను ఇంకా ఆ కిటికీ దగ్గరే ఉండిపోతాడనిపించింది. అప్పుడేడ్చాడు పిచ్చుకా, అంత మనిషి.

ఆయన పోయాక నేను లాంచీ ఎక్కలేదు. ఎక్కడికి వెళ్ళాలన్నా వంతెన మీదుగా బస్సులో చుట్టూ తిరిగి వెళ్ళేదాన్ని. ఆ మధ్యాహ్నం అతను వెళ్తూ, తనూ ఎక్కలేదని, బస్సు దిగి నడిచి వచ్చానని చెప్పాడు. అయితే ఇప్పుడే ఎక్కుదాం పదండి అన్నాను. పాపని తీసుకుని ముగ్గురం రేవుకి వెళ్ళాం. కొత్త లాంచీకి రంగు వాసన ఇంకా పోలేదు. అతను కిటికీ పక్కన కూర్చోలేకపోయాడు, ఇంజన్ గది తలుపు పట్టుకుని నిలబడ్డాడు. నది మధ్యలోకి వచ్చినప్పుడు అతని పెదాలు కదిలాయి. ఎక్కడ అని నేను అడగలేదు. అతనూ చూపించలేదు. బురద నీళ్ళు, వాటి మీద ఎండ. అంతకు మించి ఏమీ లేదు. ఆయన ఆ నీళ్ళ కింద ఎక్కడైనా ఉండొచ్చు, సముద్రం దాకా ఎక్కడైనా.

అవతలి ఒడ్డున దిగకుండా అదే లాంచీలో తిరిగొచ్చాం. వచ్చేటప్పుడు పాప నా ఒళ్ళోంచి లేచి, నీళ్ళ వైపు సీట్లోకి జరిగి కూర్చుంది. దాని చొక్కా వెనక కొస పట్టుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

మీ వదిన